వారాన్నం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు దాకా

పేద విద్యార్థికి ప్రభుత్వం చేసే ధనసహాయాన్ని గురించి మనలో జరిగే చర్చ సాధారణంగా రెండు మాటలతో ముగిసిపోతూ వుంటుంది. ఫలానా ముఖ్యమంత్రి పెట్టాడని కొందరు, ఫలానా ముఖ్యమంత్రి ఎగ్గొట్టాడని మరికొందరు. విద్యార్థి సంఘాల కరపత్రాలలో బకాయిల అంకెలు వుంటాయి. పాలకపక్షం ప్రకటనలలో చెల్లించిన అంకెలు వుంటాయి. రెండూ అవసరమే. కాని ఈ అంకెల వెనుక దాదాపు నూట యాభై ఏళ్ళ చరిత్ర వుంది. ఆ చరిత్ర తెలియకపోతే ఇప్పుడు మన పిల్లల పేరుమీద నడుస్తున్న ఈ లావాదేవీ స్వభావం ఏమిటో బోధపడదు.

నేను ఆమదాలవలసలో వుంటాను. డిగ్రీ విద్యార్థులకు చాలాకాలం పాఠాలు చెప్పాను. పాఠాలకంటె ఎక్కువ కాలం వాళ్ళ దరఖాస్తులు నింపడంలో గడిపానేమో కూడా. నాగావళి ఒడ్డున వున్న మా వూరికి 1890లలో ఈస్టు కోస్టు రైల్వే వచ్చింది. స్టేషను మా వూళ్ళో వున్నా పేరు మాత్రం శ్రీకాకుళం రోడ్డు. పట్నం పేరు పెట్టుకుని పల్లె మోసే స్టేషను అది. ఆ స్టేషనులోంచే మూడు తరాల జనం వలసపోయారు. మొదట కలకత్తా మీదుగానో, ఓడరేవులనుంచో రంగూనుకు, తరవాత ఖరగ్‌పూరుకు, ఇప్పుడు చెన్నపట్నానికీ హైదరాబాదుకీ బెంగుళూరుకీ. ఆ స్టేషనులోంచే కొద్దిమంది చదువుకోవడానికి విజయనగరం, విశాఖపట్నం వెళ్ళారు. పనికి పోయేవాడూ చదువుకు పోయేవాడూ ఒకే పెట్టెలో ఎక్కేవారు. ఒకడు తిరుగు టికెట్టు లేకుండా వెళ్ళేవాడు, రెండోవాడి దగ్గర ఎవరో ఇచ్చిన ఉత్తరం వుండేది. ఆ ఉత్తరం ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అన్నదే ఈ వ్యాసంలో అసలు ప్రశ్న.

మొదట వారాల సంగతి చెప్పుకోవాలి. ఈనాటి విద్యార్థులకు ఆ మాట తెలియకపోవచ్చు. పట్నంలో చదువుకునే పేద కుర్రవాడు ఏడు ఇళ్ళు కుదుర్చుకుంటాడు. ఆదివారం ఒకరింట్లో, సోమవారం ఇంకొకరింట్లో భోజనం. ఏ ఇల్లాలికైనా సుస్తీ చేస్తే ఆ వారం ఆ రోజు పస్తు. దీన్ని మన జీవితచరిత్రల రచయితలు ఎంతో ఆర్ద్రంగా వర్ణించారు. ఆ ఆర్ద్రత అబద్ధం కాదు. వారాలు చేసుకుని చదువుకున్నవాళ్ళు వకీళ్ళయ్యారు, ఉపాధ్యాయులయ్యారు, కవులయ్యారు. మహాకవి గురజాడ అప్పారావు విద్యార్థి దశలో విజయనగరం చేరినప్పుడు, అక్కడి మహారాజా కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖరశాస్త్రిగారు ఆయనకు తమ ఇంట్లో తిండీ వసతీ ఇచ్చి చదివించారు. 1882లో మెట్రిక్యులేషను, 1886లో బి.ఏ. ప్యాసయ్యారు. ఆ ఇంట్లో ఆ అన్నం లేకపోతే కన్యాశుల్కం రాసిన చెయ్యి ఏ తాలూకా కచేరీలోనో నకళ్ళు రాస్తూ వుండిపోయేదేమో!

అయితే ఆ ఏడు ఇళ్ళలో ఏ ఇంటి పంక్తిలోనూ కూర్చోగల అర్హత మాలపిల్లవాడికి లేదు. మత్స్యకారుడి కొడుక్కి లేదు. సవర పిల్లవాడి సంగతి చెప్పనే అక్కరలేదు. వారాన్నానికి ఆకలి ఒక్కటే అర్హత కాదు, కులం మొదటి అర్హత. ఆనాడు మా ప్రాంతంలో బుగత ఇంట్లో కంబారీగా వున్నవాడి కొడుకు ఆకలి బ్రాహ్మణ విద్యార్థి ఆకలికంటె తక్కువదేమీ కాదు. కాని అది విద్యార్థి ఆకలిగా ఎవరికీ కనిపించలేదు. వాడికి చోడి అంబలి పోసేవారు, పశువులు కాయించుకునేవారు. అవసరాన్ని చూసి సహాయం చేయడం అన్న సూత్రంలో మొదటి చిక్కు ఇదే. అవసరం వున్నవాళ్ళందరూ కనపడరు. ఎవడు విద్యార్థి కాగలడో ముందే తేల్చి, ఆ తరవాత వాళ్ళలో పేదవాణ్ణి వెతుకుతారు.

జమీందారుల దాతృత్వాన్ని గురించి మా ప్రాంతంలో కథలకు కొదవలేదు. విజయనగరం పూసపాటివారు 1857లో పెట్టిన పాఠశాల 1879లో కళాశాల అయింది. 1860లో సంస్కృత కళాశాల పెట్టారు. జయపురం మహారాజా విక్రమదేవవర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చాడు. ఇవి చిన్న విషయాలు కావు. కళింగాంధ్రలో తొలి పట్టభద్రుల తరం ఈ సంస్థల నుంచే వచ్చింది. కాని ఆ లక్ష రూపాయలు ఎక్కడివని అడగడం కృతఘ్నత కాదు, చరిత్ర. జయపురం జమీ కొండలమీద వుంది. ఆ కొండల శిస్తు కట్టినవాళ్ళు గిరిజనులు. విశాఖ సముద్రతీరాన కట్టిన విజ్ఞాన కళాశాలలో ఆ కట్టుబడిదారుల పిల్లలు అడుగుపెట్టడానికి ఎంతకాలం పట్టిందో మనకు తెలుసు. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చింది. దాతలు పోయారు. ఆ దానం లెక్క మాత్రం ఎవరూ తిరగవేయలేదు.

ఇదే కాలంలో, ఇదే ప్రాంతంలో, మరోరకం ప్రయత్నం కూడా జరిగింది. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా వుంటూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకోసం సొంత డబ్బుతో బడులు పెట్టి, సవర భాషలోనే పాఠాలు చెప్పించారు. మనం ఆయన్ను వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగానే తలుచుకుంటాం. పేద విద్యార్థి సహాయ చరిత్రలో కూడా ఆయనకు పెద్ద పీట వేయాలి. ఎందుకంటే మిగతావాళ్ళు బడికి వచ్చిన పేదవాడికి సహాయం చేశారు, గిడుగు బడినే వాడి దగ్గరికి తీసుకుపోయాడు. రామమూర్తిగారి జీతం ఒక ఉపాధ్యాయుడి జీతం, మహారాజావారిది రాజ్యం. దాతృత్వాన్ని కొలిచేటప్పుడు ఈ తేడా కూడా త్రాసులో వేయాలి. కెనడియన్ బాప్టిస్టు మిషనువాళ్ళు శ్రీకాకుళం ప్రాంతంలో నడిపిన బడులూ ఇటువంటివే. వాటి వెనక మతప్రచార ఉద్దేశం వుంది, నిజమే. అయినా మాలమాదిగ పిల్లవాణ్ణి బల్లమీద కూర్చోబెట్టింది ఊరి బడికంటె ముందు ఆ బడే అని ఒప్పుకోవాలి.

ప్రభుత్వం ఎప్పుడు రంగంలోకి వచ్చింది? 1854 నాటి వుడ్ తాఖీదు తరవాత మద్రాసు ప్రభుత్వం విద్యాసంస్థలకు గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. గమనించండి, గ్రాంటు సంస్థకు, విద్యార్థికి కాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరవాత మళ్ళీ వస్తుంది. ముస్లింలకూ వెనుకబడిన కులాలకూ ఫీజులో సగం రాయితీ అన్న నియమం మద్రాసు విద్యాశాఖలో చాలాకాలం నడిచింది. మా తాతల తరంవాళ్ళు దాన్ని ‘హాఫ్ ఫీజు’ అనేవారు. సగం ఫీజు రాయితీ ఎంత గొప్పదైనా, మిగతా సగం కట్టగలవాడికే అది ఉపయోగం. 1919-20 ప్రాంతంలో నిమ్నజాతుల బాధ్యతను లేబర్ కమిషనరుకు అప్పగించాక ప్రత్యేక బడులూ, కొన్ని ఉపకార వేతనాలూ వచ్చాయి. ఉపకార వేతనం అన్న మాటలోనే ఆ కాలపు దృష్టి వుంది. ఇచ్చేవాడిది ఉపకారం. పుచ్చుకునేవాడు వినయంగా వుండాలి. ఎనభై ఏళ్ళుగా ఆ మాటనే వాడుతున్నాం. నాకు ఇష్టం లేదు.

ఉపకారాన్ని హక్కువైపు తిప్పిన మనిషి డాక్టర్ అంబేద్కర్. ఆ మలుపు వెనక ఆయన సొంత అనుభవం వుంది. బరోడా మహారాజు శాయాజీరావు ఇచ్చిన నెలకు పాతిక రూపాయల వేతనంతో అంబేద్కర్ బొంబాయిలో బి.ఏ. పూర్తిచేశాడు. 1913లో ఆ మహారాజు ఇచ్చిన వేతనంతోనే అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. చదువయ్యాక బరోడా కొలువులో పనిచేయాలన్నది షరతు. 1917లో తిరిగివచ్చి కొలువులో చేరితే, కింది బంట్రోతులు కాగితాలు దూరంనుంచి విసిరారు, ఉండడానికి ఆ పట్నంలో ఇల్లు దొరకలేదు. దాత మంచివాడే. కాని దాత మంచితనం ఆయన కచేరీ గుమ్మం దాకా కూడా పనిచేయలేదు. 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడయ్యాక, ఆ యేడు అక్టోబరులో షెడ్యూల్డు కులాల కష్టాలమీద అంబేద్కర్ ఒక మహజరు సమర్పించాడు. బెనారసు హిందూ విశ్వవిద్యాలయానికీ, అలీఘరుకూ సర్కారు డబ్బు ఇస్తున్నప్పుడు మా పిల్లలకు ఎందుకు ఇవ్వరన్నది ఆయన వాదన. ఏటా మూడు లక్షల రూపాయలు మంజూరయ్యాయి. 1944లో షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మెట్రిక్ అనంతర వేతనాల పథకం మొదలైంది. 1948లో గిరిజనులకూ, మరుసటి యేడు ఇతర వెనుకబడిన తరగతులకూ విస్తరించింది. మన దేశంలో అవసరాన్ని బట్టి కళాశాల విద్యార్థికి సహాయం చేసే పద్ధతికి వెన్నెముక ఇదే. ఈ రోజు శ్రీకాకుళం జిల్లాలో ఒక దళిత బాలిక డిగ్రీ చదువుతున్నదంటే, ఏ ముఖ్యమంత్రి బొమ్మ అడ్డంగా వున్నా, దాని మూలం 1944లో వుంది.

(ఇక్కడ ఒక మాట. అదే 1944లో అమెరికాలో యుద్ధంనుంచి తిరిగివచ్చిన సిపాయిలకోసం జి.ఐ. బిల్లు అనే చట్టం వచ్చింది. లక్షలాది సిపాయిలు ప్రభుత్వ ఖర్చుతో కళాశాలలు చూశారు. దక్షిణాది రాష్ట్రాలలో నీగ్రో సిపాయిలకు మాత్రం కళాశాలల తలుపులు చాలావరకు తెరుచుకోలేదు. కుల పంక్తి అన్నది మన వారాల పంక్తిలోనే వుండేదని అనుకోకూడదు. ఇక సోషలిస్టు దేశాల సంగతి. సోవియట్ యూనియనులో 1940లో ఉన్నత విద్యకు ఫీజు పెట్టారు, 1956లో తీసేశారు. మన సభలలో ఈ రెండో సంగతి చెప్పి మొదటిది దాటవేయడం అలవాటు. రెండూ చెప్పాలి.)

స్వాతంత్ర్యం వచ్చాక మా జిల్లా 1950లో ఏర్పడింది. సాంఘిక సంక్షేమ వసతిగృహాలు వచ్చాయి. నా తరం ఉపాధ్యాయులలో సగంమంది ఆ వసతిగృహాలలో ఉడకని అన్నం, నీళ్ళ పప్పు తిని వచ్చినవాళ్ళే. వాటిని తిట్టనివాడు లేడు, వాటిని మరచిపోయినవాడూ లేడు. 1970లో అనంతరామన్ కమిషను నివేదికమీద వెనుకబడిన తరగతుల జాబితా ఏ, బి, సి, డి వర్గాలుగా వచ్చింది. కళింగాంధ్ర సేద్యపు కులాలకూ చేతిపనుల కులాలకూ కళాశాల గుమ్మం ఆ తరవాతనే నిజంగా తెరుచుకుంది. అప్పటికి కళాశాలలు చాలావరకు ప్రభుత్వానివి, లేదా ప్రభుత్వ గ్రాంటుమీద నడిచేవి. ఫీజు స్వల్పం. పేద విద్యార్థికి అసలు ఖర్చు ఫీజు కాదు, కడుపు. గది అద్దె, కిరసనాయిలు, ఆమదాలవలసనుంచి శ్రీకాకుళానికి బస్సు చార్జీ. కాబట్టి ఆనాటి వేతనం నెలనెలా విద్యార్థి చేతికి వచ్చే కొద్దిపాటి నగదు. ఆలస్యంగా వచ్చేది, కోతపడి వచ్చేది, గుమాస్తాకు కాఫీ ఖర్చు పోనూ వచ్చేది. కాని వాడి చేతికే వచ్చేది.

అప్పులిచ్చి చదివించే ప్రయోగం కూడా అప్పట్లోనే జరిగింది. 1963లో కేంద్ర ప్రభుత్వం జాతీయ రుణ వేతనాల పథకం పెట్టింది. ప్రతిభ వుండి పేదవాడైన విద్యార్థికి అప్పు. ఉపాధ్యాయ వృత్తిలో చేరినవాడికి పనిచేసిన ప్రతి యేటికీ అప్పులో పదోవంతు మాఫీ. ఎంతో అందమైన షరతు అది. పదేళ్ళు పాఠం చెప్పినవాడు రుణం తీర్చుకున్నట్లే. వసూళ్ళు సరిగా లేవని 1991లో దాన్ని ఆపేశారు. దానిచోట్లో బ్యాంకుల విద్యారుణాలు వచ్చాయి. బ్యాంకు ఎక్కడా పాఠం చెప్పమనదు, వాయిదా కట్టమంటుంది.

ఇక్కడినుంచి కథ మారింది. మారింది వేతనాల నియమాలు కాదు, కళాశాలలే. 1983లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ క్యాపిటేషను ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ చట్టం అవసరమైందంటేనే ప్రైవేటు వృత్తివిద్యా వ్యాపారం ఎంత ముదిరిందో ఊహించవచ్చు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు కళాశాలలలో సగం సీట్లు తక్కువ ఫీజుకూ, మిగతా సగం హెచ్చు ఫీజుకూ అన్న ఏర్పాటు చేసింది. ఆ ఏర్పాటులో ఒక న్యాయం వుంది, ధనవంతుడి ఫీజు పేదవాడి సీటును మోస్తుంది. ఒక అన్యాయమూ వుంది. పట్నంలో కోచింగు పొందిన ధనవంతుడి బిడ్డే తక్కువ ఫీజు సీటు కొట్టుకుపోవచ్చు. 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసు తీర్పు ఆ ఏర్పాటును కొట్టివేసింది. ప్రైవేటు కళాశాల తన ఖర్చుకూ అభివృద్ధికీ తగిన ఫీజు వసూలు చేసుకోవచ్చునన్నది. అంటే ధనిక విద్యార్థి మోసిన బరువు ఇకమీదట ఎవరో ఒకరు మోయాలి. ఎవరు? ప్రభుత్వం. 2008 నాటి ఫీజు రీయింబర్స్‌మెంటును ఈ తీర్పునుంచి విడదీసి చూస్తే అది ఒక ఉదార హృదయంలోంచి పుట్టినట్లు కనిపిస్తుంది. కలిపి చూస్తే దాని ఆర్థిక అవసరం తెలుస్తుంది.

వై.యస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం వెనుకబడిన తరగతులకూ, ఇతర కులాలలోని పేదలకూ మొత్తం ఫీజు తానే చెల్లిస్తానన్నది. దీనివల్ల జరిగిన మేలును తక్కువచేసి మాట్లాడే మన మిత్రులతో నేను ఏకీభవించను. ఆమదాలవలస, బూర్జ, సరుబుజ్జిలి మండలాల పల్లెలలో ఇంజనీరు అన్న మాట మొదటిసారి ఇంటిపేరు పక్కన చేరింది ఆ యేళ్ళలోనే. చక్కెర కర్మాగారం మూతపడి చెరకు రైతు దిక్కులు చూస్తున్న వూళ్ళో, కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడన్నది చిన్న ధైర్యం కాదు. నాకు తెలిసిన కల్లుగీత కార్మికుడి కూతురు ఈ రోజు హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగం చేస్తోంది. ఈ సంగతి ఆమె దగ్గరికి వెళ్ళి ‘నీ చదువు నయా ఉదారవాద పథకం’ అని చెప్పగల ధైర్యం నాకు లేదు, అవసరమూ లేదు.

కాని లెక్క రెండో వైపు కూడా చూడాలి. 1990 దశకం మధ్యలో ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కళాశాలలు వందకు లోపే. 2012 నాటికి ఏడువందలు దాటాయి. ఈ పెరుగుదలకు చదువుమీద మమకారం ఒక్కటే కారణమని ఎవరూ నమ్మరు. సీటు నిండితే చాలు, ఫీజు ప్రభుత్వం ఇస్తుంది. పాఠం చెప్పేవాడు వున్నాడా, ప్రయోగశాల వున్నదా అన్నది రెండో ప్రశ్న. వుడ్ తాఖీదు నాటి గ్రాంటు కూడా సంస్థకే వెళ్ళేదని ముందే చెప్పాను. కాని ఆ గ్రాంటుతో పాటు తనిఖీ అధికారి వచ్చేవాడు, ఉపాధ్యాయుడి జీతం ఎంతో అడిగేవాడు. ఇప్పుడు ధనం విద్యార్థి పేరుమీద వెళ్ళి యాజమాన్యం ఖాతాలో పడుతుంది. విద్యార్థి పేరు మాత్రమే వెళుతుంది, విద్యార్థి అధికారం వెళ్ళదు. మరోవైపు ప్రభుత్వ డిగ్రీ కళాశాలలలో అధ్యాపకుల ఖాళీలు పూరించలేదు. ప్రభుత్వ ధనంతో ప్రభుత్వ కళాశాల ఎండిపోవడం, ప్రైవేటు కళాశాల చిగిర్చడం రెండూ ఒకే బడ్జెట్టులో జరిగాయి.

బిల్లు పెరిగేసరికి ప్రభుత్వాలు కోత వెతుక్కున్నాయి. 2012లో, ఎంసెట్‌లో పదివేలు దాటిన ర్యాంకు వచ్చిన వెనుకబడిన తరగతుల విద్యార్థికి 35,000 రూపాయలకు మించి ఇవ్వమన్నారు. ఆ పైన తండ్రి కట్టుకోవాలి. అంటే అవసరాన్ని ర్యాంకుతో కొలిచారు. ర్యాంకు తగ్గిన కొద్దీ పేదరికం తగ్గుతుందా? నిజానికి పల్లెటూరి ప్రభుత్వ బడిలో చదివిన పిల్లకే ర్యాంకు వెనక పడుతుంది. ఎక్కువ అవసరం వున్నవాళ్ళకు తక్కువ సహాయం అన్నమాట. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ ప్రభుత్వం 2014లో 1956 నాటికి ముందునుంచీ స్థిరపడిన కుటుంబాలకే సహాయమన్న ఫాస్ట్ పథకం తెచ్చి, హైకోర్టు ప్రశ్నించాక వెనక్కి తీసుకుంది. పుట్టిన వూరు రుజువు చేసుకోమనడం వలస కుటుంబాలకు ఎంత క్రూరమో మా జిల్లావాళ్ళకు వేరే చెప్పాలా? హైదరాబాదులో ఇటుకలు మోసిన సిక్కోలు కూలీల పిల్లలు అక్కడే పుట్టి అక్కడే చదివారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో నియమాలు మళ్ళీ రాశారు. ఏటా రెండున్నర లక్షల ఆదాయం లోపు వుండాలి. మాగాణి పది ఎకరాల లోపు, మెట్ట పాతిక ఎకరాల లోపు వుండాలి. ప్రభుత్వోద్యోగి కాకూడదు, సొంతకారు వుండకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు అయితే ఫరవాలేదు. 75 శాతం హాజరు వుండాలి. 2020 ఫిబ్రవరి 24న విజయనగరంలో వసతి దీవెన ప్రారంభించారు. ఐ.టి.ఐ. వారికి ఏటా 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీకీ ఆ పై చదువులకీ 20,000. ఆ యేడు ఏప్రిలులో విద్యా దీవెన మొదలుపెట్టారు. ఆ తరవాత ఫీజు డబ్బు కళాశాలకు కాక తల్లి ఖాతాలో వేయడం ప్రారంభించారు. తల్లి వెళ్ళి కళాశాలలో కట్టాలి.

ఈ మార్పును మన పత్రికలలో ఎవరూ సరిగా విమర్శించలేదని నా అభిప్రాయం. ఓట్లకోసం అని తేల్చేశారు. ఓట్లకోసమే కావచ్చు. అయినా నూట యాభై ఏళ్ళలో మొదటిసారి ఫీజు డబ్బు ఒక కూలి ఆడదాని చేతిలోంచి యాజమాన్యం చేతికి వెళ్ళింది. ‘మా అమ్మ కట్టింది’ అని పిల్ల అనగలిగింది. యాజమాన్యాలు హైకోర్టుకు వెళ్ళడంలోనే దాని పదును తెలుస్తుంది. 2021 సెప్టెంబరులో హైకోర్టు కళాశాలలకే చెల్లించమని తీర్పు ఇచ్చింది, అయినా తల్లి ఖాతాలలోకి చెల్లింపులు సాగాయి. అయితే వాయిదా ఆలస్యమైతే ఆ తల్లే బాకీదారు అయింది. ఇదివరకు కళాశాలకు ప్రభుత్వం బాకీ. ఇప్పుడు కళాశాలకు తల్లి బాకీ, తల్లికి ప్రభుత్వం బాకీ. ప్రభుత్వంమీద పోరాడగల యాజమాన్యాన్ని తప్పించి, ఎవరిమీదా పోరాడలేని ఆడమనిషిని మధ్యలో నిలబెట్టారు. 2024లో ప్రభుత్వం మారింది. వేల కోట్ల బకాయిలు మిగిలాయని కొత్త ప్రభుత్వం ప్రకటించింది. పథకాల పేర్లు తీసేసి పాత పేరే, మెట్రిక్ అనంతర వేతనాలన్న పేరే పెట్టింది. ఫీజు తిరిగి కళాశాలలకే చెల్లిస్తామన్నది.

ఈ బాకీ అన్న మాటకు అర్థం ఏమిటో ఒక ఉదాహరణ చెబుతాను. కొద్ది యేళ్ళ కిందట మా వీధి పక్క పేటలో ఒక అమ్మాయి ఒక ప్రైవేటు కళాశాలలో ఇంజనీరింగు ముగించింది. తండ్రి చెన్నపట్నంలో తాపీపని. ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది, అసలు సర్టిఫికెట్లు చూపించాలి. కళాశాల ఇవ్వనన్నది. ప్రభుత్వంనుంచి మూడు వాయిదాలు రాలేదు, అవి కడితేనే ఇస్తాం, ప్రభుత్వం ఇచ్చాక మీకు వాపసు చేస్తాం అన్నారు. నేను ఆ అమ్మాయితో కలిసి వెళ్ళాను. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లు కళాశాలలు అట్టిపెట్టుకోరాదని యు.జి.సి. 2018లోనే ఉత్తర్వు ఇచ్చిందని ఆ కాగితం చూపించాను. గుమాస్తా దాన్ని మర్యాదగా చదివి, మర్యాదగా తిరిగి ఇచ్చాడు. ‘మేష్టారూ, మాకూ జీతాలు రాలేదండి’ అన్నాడు. అది అబద్ధం కాకపోవచ్చు. చివరికి తండ్రి తన మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. అడ్వాన్సు తీసుకున్నవాడు ఆ అప్పు తీరేదాకా వేరే మేస్త్రీ దగ్గరికి పోకూడదు, కూలి రేటు అడగకూడదు. ప్రభుత్వం కట్టవలసిన ఫీజు ఒక తాపీమనిషి మెడమీద ఎనిమిది నెలల వెట్టిగా పడింది. మా తాతల కాలంలో దీన్ని కంబారీతనం అనేవారు. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరింది. కళాశాల వాపసు ఇచ్చిందా అని అడిగితే తండ్రి నవ్వాడు.

ఆదాయ ధ్రువపత్రం గురించి కూడా చెప్పాలి. ఈ తండ్రి ఆదాయం ఎంత? సంక్రాంతికి వూరు వస్తాడు, మళ్ళీ పోతాడు. పని వున్న నెల పదిహేను వేలు, లేని నెల సున్న. గ్రామంలో రెవెన్యూ ఉద్యోగి ఒక అంకె వేస్తాడు. ఆ అంకె నిజమని ఆయనా అనుకోడు, ఈయనా అనుకోడు. నెలజీతగాడి ఆదాయం మాత్రం పైసాతో సహా కాగితంమీద వుంటుంది, పాతిక వేల జీతం వచ్చే చిన్న ప్రైవేటు ఉద్యోగి హద్దు దాటిపోతాడు. ఎకరాలు బినామీగా పంచుకున్న బుగత మనవడు హద్దు లోపలే వుంటాడు. అమెరికాలో 1972నుంచి పెల్ గ్రాంటు వుంది. అక్కడ కుటుంబం ఆదాయపన్ను లెక్కలు చూసి, కుటుంబం ఎంత భరించగలదో అంచనా వేసి, మెట్లుమెట్లుగా ఇస్తారు. ఆదాయం కొద్దిగా పెరిగితే గ్రాంటు కొద్దిగా తగ్గుతుంది. మన పద్ధతిలో గీత ఒక్కటే. రెండు లక్షల నలభై తొమ్మిది వేలవాడికి మొత్తం, రెండు లక్షల యాభై ఒకటి వేలవాడికి సున్న. అయితే పన్ను కట్టేవాళ్ళు పిడికెడుమంది వున్న దేశంలో అమెరికా కొలబద్ద పనికిరాదన్న వాదనలో బలం వుంది. ఇంగ్లండు పరిస్థితి ఇంకొక హెచ్చరిక. 1962 చట్టం ప్రకారం అక్కడ విద్యార్థికి ఫీజుతో పాటు పోషణ గ్రాంటు కూడా వచ్చేది. 1998లో వెయ్యి పౌన్ల ఫీజు పెట్టారు, 2012 నాటికి అది తొమ్మిది వేలయింది, గ్రాంటు స్థానంలో అప్పు వచ్చింది.

మన కేంద్ర ప్రభుత్వం ఆదాయ హద్దును 2013లో రెండున్నర లక్షలు చేసింది. ఆ తరవాత బియ్యం ధర ఎంత పెరిగిందో పాఠకులకు తెలుసు, హద్దు మాత్రం కదలలేదు. పోషణ వేతనం సంగతి ఇంకా విచిత్రం. 2010 జూలైనుంచి షెడ్యూల్డు కులాల డిగ్రీ విద్యార్థి ఇంటినుంచి వచ్చి చదివితే నెలకు 300 రూపాయలు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ పథకానికి ఐదేళ్ళకు 59,048 కోట్లు ప్రకటించింది. అందులో 60 శాతం కేంద్రానిది. అంతకుముందు చాలా కాలం రాష్ట్రాల నెత్తిన వుండిన బరువు దీనితో కొంత దిగింది, అది మంచిదే. కాని ఆ ప్రకటన తరవాత వచ్చిన కొత్త రేటు, అదే విద్యార్థికి, ఏడాదికి 3,000. పది నెలల చదువు లెక్కన భాగించి చూడండి. పదేళ్ళ కిందటి మూడువందలే.

వసతి దీవెన కింద రాష్ట్రం ఇచ్చిన ఇరవై వేలు దీనికంటె చాలా నయం. వాయిదా పడకుండా వస్తే గది అద్దెకూ బియ్యానికీ సరిపోయేది. కాని ప్రభుత్వం ఎప్పుడు ఇరకాటంలో పడినా మొదట ఆగేది ఈ పోషణ డబ్బే. ఫీజు ఆగితే యాజమాన్యాల సంఘం ధర్నా చేస్తుంది, కళాశాలలు మూసేస్తామంటుంది. పోషణ ఆగితే పిల్ల ఒక పూట భోజనం మానేస్తుంది, ఆ సంగతి ఏ సంఘానికీ తెలియదు. నా క్లాసులో మొదటి పీరియడుకు కళ్ళు తిరిగి పడిపోయిన ఆడపిల్లలను నేను చాలామందిని చూశాను. కారణం అడిగితే తలనొప్పి అంటారు.

2020 డిసెంబరులోనే జి.ఓ. 77 వచ్చింది. ప్రైవేటు కళాశాలలలో పి.జి. చదివేవారికి ఫీజు చెల్లింపు ఆపేశారు. పి.జి. అంటే ఉపాధ్యాయులు తయారయ్యే చదువు. మా ప్రాంతంలో ఎం.ఎస్సీ. చదవాలంటే ఎచ్చెర్లలో సీటు రావాలి. 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పి.జి. కేంద్రంగా మొదలై 2008లో అంబేద్కర్ పేరుతో విశ్వవిద్యాలయమైన సంస్థ అది. అక్కడ సీటు రానివాళ్ళు ఫీజు కట్టగలిగితే వేరేచోట చదువుతారు. ఆ జి.ఓ. వచ్చిన యేడు బి.ఎస్సీ. రసాయనశాస్త్రంలో మా కళాశాల మొదటి మార్కు తెచ్చుకున్న పిల్లవాడు, ఎచ్చెర్లలో సీటు తప్పి, శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో చెన్నపట్నం బండి ఎక్కాడు. మందుల కంపెనీలో కూలిపని. రసాయనశాస్త్రమే కదా సార్ అన్నాడు.